గడియ పెట్టని తలుపు

ఆఫీసులో ఆవిడకు సూది అని పేరు. పెట్టింది ఎవరో తెలియదు. మొదట్లో వెనకాల అనుకునేవాళ్లు. ఒకరోజు మెట్ల మీద ఎవరో "సూది వస్తోందిరా, తప్పుకోండి" అంటుంటే ఆవిడే వెనకనుంచి, "వచ్చేసింది, కాస్త జరగండి" అంది. ఆ తర్వాత దాపరికం పోయింది. ఫోన్లలో కూడా ఆవిడ నంబరు ఆ పేరుతోనే రాసుకున్నారు.

నలభై దాటిన మనిషి. కళ్లజోడు ఎప్పుడూ నెత్తిమీద ఉండేది, దానికోసం బల్లంతా వెతికేది. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగితే, "నచ్చినవాళ్లు అడగలేదు, అడిగినవాళ్లు నచ్చలేదు, ఇంతకీ మీరు ఏ కోవలోకి వస్తారు?" అనేది. దాంతో రెండోసారి ఎవరూ అడిగేవారు కాదు. అమ్మ, అన్నయ్య, వదినలతో కలిసి ఒకే ఇంట్లో ఉండేది.

ఆవిడ పనిచేసేది బ్లాగులు రాసుకునేవాళ్లకు చోటిచ్చే ఒక చిన్న కంపెనీలో. కింద అద్దాలు కోసే దుకాణం, పైన వీళ్ల ఆఫీసు. పొద్దస్తమానం కింద అద్దం గీసే కీచుమోత వినిపిస్తూనే ఉండేది. కొత్తగా చేరినవాళ్లు చెవులు మూసుకునేవారు. పాతవాళ్లకు అది ఆగిపోతేనే ఏదో పోగొట్టుకున్నట్టుండేది.

బ్లాగు రాసేవాళ్లు రాత రాస్తారు. ఆ రాత తెరమీద ఎలా కనబడాలి, శీర్షిక ఎంత పెద్దదిగా ఉండాలి, బొమ్మ ఎటుపక్క రావాలి, పాత పోస్టులు ఎక్కడ కూర్చోవాలి, ఇదంతా చూసుకునేది థీమ్. థీములు తయారుచేసేవాళ్లు బయటి డిజైనర్లు. వాళ్లు ఆ పని చేసుకోవడానికి వీలుగా కంపెనీ కంప్యూటర్లలో ఉండే ఏర్పాటంతా సూది చేతిలో ఉండేది.

చేతిలో ఉండేదన్న మాటేగానీ, దాన్ని కట్టింది ఆవిడ కాదు, మేష్టారు. ఒకప్పుడు కాలేజీలో పాఠాలు చెప్పి, ఈ కంపెనీ యజమాని మాటమీద ఉద్యోగం వదిలి వచ్చిన మనిషి. థీములు రాయడానికి ఆయన సొంతంగా ఒక భాషే కల్పించాడు. ప్రపంచమంతా పోస్టు అనేదాన్ని ఆయన 'ఆకు' అన్నాడు. శీర్షిక 'తలకట్టు'. పక్కనుండే పట్టీ 'వసారా'. పాఠకులు రాసే వ్యాఖ్యలు 'పలుకులు'. పాత పోస్టులుండే చోటు 'గాదె'. చదవడానికి ఎంతో ముచ్చటగా ఉండేది. పని చేయబోతే మాత్రం తల ప్రాణం తోకకొచ్చేది.

సూది అంతకుముందు చాలా ఏళ్లు ఒక పెద్ద కంపెనీలో చేసింది. అదీ బ్లాగుల కంపెనీయే, వీళ్లకు పోటీదారు. అక్కడ తను పనిచేసే విభాగం ఎత్తేస్తే ఇక్కడికి వచ్చింది. చేరిన రోజున మేష్టారు చాలా మర్యాదగా, "అక్కడ నేర్చుకున్నదంతా తడిసిన గొడుగులాగా గుమ్మం బయట పెట్టేసి రండమ్మా" అన్నాడు.

"గొడుగైతే పెట్టేయొచ్చు మేష్టారూ. తల ఎక్కడ పెట్టి రమ్మంటారు?" అంది ఆవిడ.

అందరూ నవ్వారు. మేష్టారు కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

ఆయన భాష మొత్తం ఆవిడ నేర్చుకుంది, బాగానే నేర్చుకుంది. కానీ రాసేవాళ్లు రోజూ వస్తున్నా, థీములు చేసేవాళ్లు రావట్లేదని కొద్దికాలంలోనే కనిపెట్టింది. వీళ్ల దగ్గరున్న బ్లాగులన్నీ ఒకే దర్జీ కుట్టిన యూనిఫారాల్లా ఉండేవి. వంటల బ్లాగూ అలాగే, వైద్యుల బ్లాగూ అలాగే. పోటీ కంపెనీల దగ్గర మాత్రం డిజైనర్లు కిక్కిరిసి ఉండేవారు. యజమాని డిజైనర్లకోసం ఒక పోటీ పెట్టాడు. చాలామంది వచ్చి చూశారు. చూసి, చప్పుడు చేయకుండా వెళ్లిపోయారు.

"ఈకాలం డిజైనర్లకు బద్ధకం. కొత్తది నేర్చుకోమంటే ఒళ్లు వంగదు" అని తేల్చేశాడు యజమాని.

సూది ఆ మాట విని ఊరుకుంది. ఊరుకోవడం ఆవిడకు చేతకాని పని కాబట్టి అది ఎక్కువకాలం సాగలేదు.

వదిన డిజైనరు. సూది వదిలి వచ్చిన ఆ పెద్ద కంపెనీకే ఇంటినుంచి థీములు చేసి అమ్మేది. వంటింటి కిటికీ పక్కనున్న ఇస్త్రీ బల్లే వదిన ఆఫీసు. ఇస్త్రీ చేయాల్సివచ్చినప్పుడల్లా అన్నయ్య ఆ కంప్యూటరును దొంగసొత్తులా అటూ ఇటూ మోసేవాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం వదిన, "ఊరికే కూర్చున్నాను గదా, నా థీమొకటి మీ దగ్గర పెట్టి చూస్తా" అంది. సూది మనసు ఉప్పొంగిపోయింది. అమ్మ ఆరిన బట్టలు మడతపెడుతూ అక్కడే కూర్చుంది.

కాసేపటికి వదిన ముఖం ఎర్రబడింది. "ఇదేమిటి? 'ఆకు రాలింది' అంటోంది."

"అంటే ఎక్కడో పోస్టు పేరు తప్పు పడిందన్నమాట."

"ఎక్కడ?"

"అది చెప్పదు."

వదిన మళ్లీ రాసింది. మళ్లీ ఆకు రాలింది. అర్థం కాక ఇంకోటి మార్చింది. ఈసారీ ఆకే రాలింది.

"ఇంకా రాలడానికి చెట్టుమీద ఏం మిగిలిందీ? నా థీములో తప్పేమీ లేదు. అక్కడ బ్రహ్మాండంగా నడుస్తోంది. శీర్షికను శీర్షిక అంటే మీవాళ్లకేం నొప్పి? తలకట్టేమిటి, నా తలకాయ!" అని వదిన బల్లమీద ఒక్కటిచ్చింది. "మీ వాళ్లు నన్ను రమ్మంటున్నారా, పొమ్మంటున్నారా? ముందది తేల్చి చెప్పు."

"రమ్మంటూనే ఉన్నారు వదినా."

"రమ్మనేవాళ్లు ఇలా ముఖంమీద తలుపేస్తారా? పదేళ్లుగా చేస్తున్న పని నాకు రాదన్నట్టు మాట్లాడుతోంది ఇది. పరాయి ఇంట్లోకి పోయినా ఇంత పరాయిగా ఉండదమ్మా!"

అమ్మ చేతిలో మడత ఆపి, "ఈ ఇంటికి పరాయిదానిలా వచ్చినప్పుడు కూడా నువ్వు ఇలా బల్లలు గుద్దలేదు కోడలుపిల్లా" అంది. ముగ్గురూ నవ్వారు. కానీ సూది నవ్వు ఎంతోసేపు నిలవలేదు. వదిన తిట్టింది మేష్టారి భాషనే అయినా, ఆ తలుపు దగ్గర జీతం తీసుకుని నిలబడ్డది తనే కదా అనిపించింది. సిగ్గేసింది. ఆ వెంటనే కోపమొచ్చింది. ఆవిడ సంగతి తెలిసినవాళ్లకు ఆ వరస బాగా తెలుసు. సిగ్గు ముందు, కోపం తర్వాత, దాని వెనకే ఏదో ఒక పని.

సోమవారం సమావేశంలో లేచి చెప్పింది. "మన మాటలు మనకుండనిద్దాం. వాటితోపాటు బయట అందరూ వాడే మాటలు కూడా మన ఏర్పాటుకు తెలియాలి. శీర్షిక అన్నా తలకట్టు అన్నా ఒకటే అని దానికి తెలిస్తే సరిపోతుంది. పోటీ కంపెనీలో చేసిన థీమును ఎవరైనా తెచ్చి ఇక్కడ పెడితే, మొదటిసారే తెరమీద ఏదో ఒకటి కనబడాలి. వంకరగా కనబడినా పర్వాలేదు. ముఖంమీద కొట్టకూడదు."

యజమాని పెన్ను మూత కొరుకుతూ విన్నాడు. "పోటీవాళ్ల మాటలు మన నోట్లో పెట్టుకోవాలా? రేపు వాళ్ల ముందు తలెత్తుకుని తిరగగలమా?"

"వాళ్ల మాటలేమిటి సార్, అందరి మాటలవి. శీర్షికను శీర్షిక అంటే లొంగిపోయినట్టా?"

మేష్టారు మెల్లగా అన్నాడు. "ఈ పేర్లు పెట్టడానికి నేను ఎంత ఆలోచించానో మీకు తెలియదమ్మా."

"తెలుసు మేష్టారూ. నాకు నచ్చే నేర్చుకున్నాను. నచ్చేదాకా ఆగే ఓపిక బయటివాళ్లకు ఎందుకుండాలి?"

"కుదరదు" అన్నాడు యజమాని. "మన ప్రత్యేకత మనది."

"అయితే ఒకటి చేస్తాను. దొంగచాటుగా కాదు, మీకు చెప్పే చేస్తాను. బయటి డిజైనర్లను ఇక్కడికే పిలిచి కూర్చోబెడతాను. మనమెవ్వరం నోరెత్తకూడదు. వాళ్లు పని చేస్తుంటే చూద్దాం, అంతే."

యజమాని నవ్వాడు. "పోటీ కంపెనీ మనుషులు మన ఆఫీసుకు వస్తారా? పిలు, చూద్దాం."

వచ్చారు. వదిన వచ్చింది. అద్దాలు కోసే దుకాణం పక్కనుంచి మెట్లెక్కలేక మధ్యలో ఆగుతూ ఒక పొడుగాటి పెద్దమనిషి వచ్చాడు. చాలా పేరున్న థీములు ఆయనవి. సూది ఇద్దరినీ కిటికీ దగ్గర కూర్చోబెట్టింది. వెనకవరసలో యజమాని, మేష్టారు. 'మాట్లాడితే బయటకు' అని ముందే చెప్పింది, యజమానికి కూడా.

వదిన తిట్టుకుంటూ చేసింది, అది అందరూ ఊహించిందే. పొడుగాటాయన మాత్రం ఒక్క మాటా అనలేదు. రాశాడు. ఆకు రాలింది. తుడిచి రాశాడు. మళ్లీ రాలింది. కళ్లజోడు తుడుచుకున్నాడు. చివరికి వెనక్కి తిరిగి, క్షమించమన్నట్టు నవ్వి, "నా చెయ్యి మొద్దుబారిపోయినట్టుంది. వయసు కదండీ, కొత్తవి ఎక్కట్లేదు" అన్నాడు.

మేష్టారు చటుక్కున లేచాడు. ఆయన వయసూ అంతే. ఏదో చెప్పబోయి, మాట్లాడకూడదన్న సంగతి గుర్తొచ్చి, తలుపు తీసుకుని వరండాలోకి వెళ్లిపోయాడు.

వచ్చినవాళ్లను దిగబెట్టి సూది పైకి వచ్చేసరికి యజమాని సిద్ధంగా ఉన్నాడు. "పనితనం ఉన్నవాళ్లను పిలవాల్సింది."

అది విని సూది ఒళ్లు మండిపోయింది. "ఆయన థీముల్ని మీరే నాకు చూపించారు సార్, ఇలాంటివి మనకెందుకు రావు అని. ఆయనకు పనితనం లేదా? ఆయన తన చేతినే తప్పుపట్టుకుని మెట్లు దిగి వెళ్లాడు. మనం సిగ్గుపడాల్సింది పోయి ఆయన్ని అంటున్నారు."

అలా మాట్లాడినందుకు ఆవిడ పదవి పోయింది. ఆ మధ్యాహ్నమే యజమాని ఆవిడను థీముల పనినుంచి తీసేసి, ఫిర్యాదుల ఫోన్ దగ్గర కూర్చోబెట్టాడు. ఏడుస్తుందనో, రాజీనామా ఇస్తుందనో అనుకున్నారు. సూది తన కుర్చీ తనే మోసుకుని ఫోన్ దగ్గరికి వెళ్లింది.

"మంచి చోటే ఇచ్చారు సార్" అంది.

ఎందుకు మంచి చోటో తర్వాత తెలిసింది. థీమ్ పెట్టలేక విసిగిపోయిన డిజైనర్లు ఫోన్ చేసేది అక్కడికే. ఎవరైనా చేయగానే ఆవిడ, "ఒక్క నిమిషం, ఇది మా యజమానిగారే వినాలి" అని ఫోన్ పట్టుకుని ఆయన గదిలోకి వెళ్లి, అందరికీ వినబడేట్టు బల్లమీద పెట్టేది. ఆయన భోంచేస్తుంటే కూడా పెట్టేది. బ్యాంకువాళ్లతో మాట్లాడుతుంటే గుమ్మంలో నిలబడి, అయ్యాక పెట్టేది. ఆయన తలుపేసుకుంటే తలుపు కొట్టేది. ఒకాయన ఫోన్లో, "మీ ఆకులూ గాదెలూ మీరే ఉంచుకోండి" అన్నాడు. ఇంకొకామె ఏమీ అనకుండా నిట్టూర్చి పెట్టేసింది. యజమానిని ఎక్కువ బాధపెట్టింది ఆ నిట్టూర్పే.

"ఇది బెదిరింపు" అన్నాడు ఒకరోజు.

"ఫిర్యాదులు వినమన్నారు, వింటున్నాను. ఒక్కదాన్నే వినాలని చెప్పలేదు."

"నిన్ను పంపించేయగలను, తెలుసా?"

"తెలుసు సార్. పంపేదాకా వినిపిస్తాను."

చివరికి ఆయన చేతులెత్తేశాడు. "చెయ్యి తల్లీ, చెయ్యి! నీ ఇష్టమొచ్చినట్టు చేసుకో. పాత హోదా మాత్రం అడక్కు."

"హోదా ఎవరడిగారు?" అని సూది కుర్చీ మళ్లీ మోసుకుని వెనక్కి వచ్చింది.

పని మొదలైంది. మేష్టారు ఆవిడతో మాటలు మానేశాడు. ఎదురుపడితే గోడవైపు చూసేవాడు. సూదికి దారి చూపించింది వదిన తిట్లే. ఎక్కడ తిట్టిందో అక్కడల్లా ఒక మరమ్మతు. బయటి పేర్లన్నీ ఏర్పాటుకు నేర్పింది. శీర్షిక అని రాసినా, తలకట్టు అని రాసినా, ఇంగ్లీషులో టైటిల్ అని రాసినా ఒకే చోటికి వెళ్లేట్టు చేసింది. పోటీ కంపెనీల్లో డిజైనర్లు ఫైళ్లను ఏ వరసలో సర్దుకుంటారో ఆ వరస ఇక్కడా చెల్లేట్టు చేసింది. 'ఆకు రాలింది' తీసేసి, మనిషి మనిషితో మాట్లాడినట్టు రాసింది. 'మీరు ఫలానా వరసలో పోస్టు పేరు ఇలా రాశారు. ఇక్కడ దాన్ని ఆకు అంటారు. మీ పేరు కూడా చెల్లుతుంది గానీ ఒక అక్షరం ఎక్కువ పడింది.' ఒక్క రాత కూడా లేని ఖాళీ బ్లాగుమీద పెట్టి చూస్తే థీమ్ నిజంగా ఎలా కనబడుతుందో ఏ డిజైనరుకూ తెలియదు. అందుకని పొడుగాటి శీర్షికలు, బొమ్మలేని పోస్టులు, వ్యాఖ్యల్లో పోట్లాటలు అన్నీ ఉన్న ఒక ఉత్తుత్తి బ్లాగు తయారుచేసి పెట్టింది. ఆ పోట్లాటలు రాసింది వదినే. రాయమన్నదానికంటే రెట్టింపు రాసింది.

అంతా సిద్ధమయ్యాక యజమాని వచ్చి చూశాడు. పోటీ కంపెనీ థీమ్ ఒకటి తెచ్చి పెడితే కాస్త వంకరగా అయినా వెంటనే తెరమీదికొచ్చింది. ఆయన ముఖం వెలిగింది. చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాక, గొంతు తగ్గించి అన్నాడు.

"బాగుంది. ఒక్క చిన్న మార్పు. ఇక్కడికి తెచ్చాక, మళ్లీ బయటికి తీసుకుపోలేనట్టు చెయ్యి. రానీ, పోనివ్వకు."

"అంటే?"

"లోపలికొచ్చిన థీమును మన పద్ధతిలోకి మార్చేసి దాచుకుందాం. వాళ్లు వెనక్కి పోవాలంటే మొదటినుంచి చేసుకోవాలి. వ్యాపారమంటే అంతే."

సూది నెత్తిమీది కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది. "రండి రండి అని పిలిచి, వచ్చాక వెనకనుంచి గడియ పెడతామా సార్? దాన్ని స్వాగతం అనరు, బోను అంటారు. నేను చెయ్యను."

"నువ్వు చెయ్యకపోతే ఇంకొకళ్లు చేస్తారు."

"చేయించుకోండి. నా చేత్తో మాత్రం కాదు. అడిగినవాళ్లందరికీ అందులో గడియ ఉందని కూడా చెప్తాను. ఫోన్ ఎలా పట్టుకోవాలో మీరే నేర్పారు."

యజమాని గిరుక్కున తిరిగి మేష్టారి బల్ల దగ్గరికి వెళ్లాడు. ఆ ఏర్పాటు లోపలి సంగతులు సూది తర్వాత తెలిసిన మనిషి ఆయనొక్కడే. ఆఫీసంతా తలలు వంచుకుని చెవులు రిక్కించింది.

"మీరు చెయ్యండి మేష్టారూ. మొదటినుంచీ ఈ పని మీకు ఇష్టం లేదు. ఇప్పుడు మీ భాషే గెలుస్తుంది. లోపలికొచ్చిందంతా ఆకులూ తలకట్లూ అయిపోతుంది, మరి వేరేలా ఉండదు."

కింద ఎవరో అద్దం గీస్తున్నారు. ఆ కీచుమోత ఆగాక మేష్టారు అన్నాడు.

"నా భాష నచ్చి రాసేవాళ్లకోసం చేశాను. పారిపోలేక రాసేవాళ్లు నాకొద్దు."

"మేష్టారూ..."

"ఆ అమ్మాయి నా పేర్ల పక్కన ఎవరెవరి పేర్లో కూర్చోబెట్టింది. నాకు కడుపు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది. అయినా నా పేర్లను తీసేయలేదు. మీరు వాటితో గడియ చేయమంటున్నారు. నేను చెయ్యను బాబూ."

యజమాని ఇద్దరివంకా మార్చి మార్చి చూశాడు. పోట్లాడుకునే ఇద్దరూ ఒకేవైపు నిలబడితే మధ్యవర్తికి చోటుండదని ఆయనకు ఆ క్షణంలో తెలిసొచ్చింది. పెన్ను మూత నేలకేసి కొట్టి గదిలోకి వెళ్లిపోయాడు. దానితో గడియ మాట మళ్లీ రాలేదు.

మేష్టారు, సూది ఆ రోజేమీ రాజీపడలేదు. కాకపోతే సాయంత్రం మెట్లు దిగుతుంటే ఆయన ముందు నడుస్తూ, వెనక్కి తిరక్కుండానే, "ఆ తప్పుల సందేశాల్లో ఒకచోట వ్యాకరణం సరిగా లేదు" అన్నాడు.

"ఎక్కడ?"

"చెప్పను. వెతుక్కోండి. నా ఆకు రాల్చారు గదా."

సూది పకపకా నవ్వింది. ఆయన కూడా నవ్వాడేమో, మొహం కనబడలేదు.

కొత్త ఏర్పాటు బయటికొచ్చిన రోజున యజమాని సిబ్బందిని నిలబెట్టి పెద్ద ప్రసంగమే చేశాడు. చాలాకాలంగా తన మనసులో మెదులుతున్న ఆలోచన ఇది, అన్నాడు. చప్పట్లు పడుతుండగా సూది వెనకవరసనుంచి చెయ్యెత్తింది. "చిన్న సవరణ సార్. ఆలోచన మీదీ కాదు, నాదీ కాదు. మా వదిన తిట్లది." చప్పట్లు ఇంకాస్త గట్టిగా పడ్డాయి. అవి ఎవరికి పడ్డాయో యజమాని అడగలేదు.

డిజైనర్లు ఒక్కసారిగా వరదలా వచ్చిపడలేదు. ఒకరి తర్వాత ఒకరు, అనుమానంగా, చెప్పులో రాయి ఉందేమో చూసుకున్నట్టు వచ్చారు. పొడుగాటాయన తన థీమొకటి తెచ్చి పెట్టాడు. అది మొదటిసారే నిలబడింది. ఫోన్ చేసి, "నా చెయ్యి బాగానే ఉందండీ" అన్నాడు. సూది చాలాసేపు ఊకొట్టింది. వదిన కూడా ఒక థీమ్ తెచ్చింది. పెద్ద కంపెనీని మాత్రం వదల్లేదు. "రెండు చోట్లా పెట్టుకుంటే నీ సొమ్మేం పోయింది? గడియ లేదన్నావుగా" అంది. కాదనడానికేమీ లేదు.

కొందరు డిజైనర్లు ఆకులనీ తలకట్లనీ చూసి ముచ్చటపడి, కావాలనే ఆ మాటలతో రాయడం మొదలుపెట్టారు. ఆ సంగతి మేష్టారికి చెప్పడానికి సూది ఒక రోజంతా ఎదురుచూసింది. చెప్తే ఆయన, "ఊఁ" అని కిటికీలోంచి బయటికి చూశాడు. ఆ రోజు మధ్యాహ్నం ఆయన అందరికీ కాఫీ తెప్పించాడు, ఎందుకో చెప్పలేదు.

సూది పాత హోదా తిరిగి రాలేదు. ఆవిడ అడగనూ లేదు. ఆవిడ పైన ఒక కొత్త మనిషిని పెట్టారు. ఆ మనిషికి ఆవిడంటే హడల్.

కొన్నాళ్లకు ఒక డిజైనరు తన థీములన్నీ మూటగట్టుకుని పోటీ కంపెనీకి తరలిపోయాడు. అక్కడ ఎక్కువ ఇస్తామన్నారట. యజమాని ఉరుకుల పరుగులమీద సూది దగ్గరికి వచ్చాడు.

"చూశావా? పోయాడు! మనం చేసిన తలుపులోంచే పోయాడు!"

"పోయాడు సార్. తిట్టుకుంటూ పోలేదు గదా."

"మళ్లీ వస్తాడా?"

"నాకేం తెలుసు? నేను తలుపు చేశాను, జాతకం చెప్పలేదు."

అప్పుడే ఫోన్ మోగింది. ఎవరో కొత్త డిజైనరు. థీమ్ పెడితే వసారా మొత్తం కుడిపక్కకు జారిపోయిందట. సూది కళ్లజోడుకోసం బల్లంతా తడిమి, "ఒక్క నిమిషం" అని, ఫోన్ను బల్లమీద యజమాని వైపు జరిపింది.

"వినండి సార్. ఇంకా చేయాల్సింది చాలా ఉంది."